ఫలితమే గురువు

పాఠ్యభాగ నేపథ్యం

మనిషి ప్రవర్తన ఎందుకు మారుతుంది, ఎంత చెప్పినా కొన్నిసార్లు ఎందుకు మారదు అనే ప్రశ్న సాహిత్యానికీ శాస్త్రానికీ సమానంగా చెందినది. మన ప్రాచీనులు సామ, దాన, భేద, దండములను చతుర్విధోపాయాలుగా పేర్కొని, దండమును చిట్టచివర నిలిపారు. 19వ శతాబ్దం చివరి నుండి మనోవిజ్ఞాన శాస్త్రం ఇదే ప్రశ్నను ప్రయోగశాలలోకి తీసుకొనిపోయింది. ఆ ప్రయోగాలలో తేలిన మౌలిక సూత్రాలను తెలంగాణ పల్లె జీవితంలోని ఉదాహరణలతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠ్యభాగం

అప్పుడే పుట్టిన దూడ తల్లి పొదుగును వెదుక్కొంటూ పోతుంది. దానికి ఆ విద్యను ఎవరూ నేర్పలేదు. అదే దూడ పెరిగి కోడె అయి, కాడి కింద మెడపెట్టి, చాలు తప్పకుండా నడవాలంటే మాత్రం నేర్చుకోవాలి. జీవుల ప్రవర్తనలో పుట్టుకతో వచ్చినది కొంత, పుట్టిన తరువాత అలవడినది కొంత. మనిషి విషయంలో ఈ రెండవ భాగమే చాలా ఎక్కువ. మాట, నడత, చదువు, వృత్తి, చివరకు భయాలు, వ్యసనాలు కూడా చాలావరకు నేర్చుకొన్నవే. అయితే అవి ఏ విధంగా అలవడుతున్నాయి? కొన్ని నిలిచిపోవడానికీ, కొన్ని మాసిపోవడానికీ కారణం ఏమిటి?

ఈ ప్రశ్నకు ప్రయోగపూర్వకంగా సమాధానం వెదికిన తొలి శాస్త్రజ్ఞులలో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ముఖ్యుడు. ఆయన ఆకలిగొన్న పిల్లిని ఒక చెక్కపెట్టెలో ఉంచి, ఆహారాన్ని బయట పెట్టేవాడు. లోపలి మీటనో తాడునో కదిలిస్తే తలుపు తెరుచుకొంటుంది. పిల్లి మొదట గోళ్ళతో గీరేది, కమ్మీలను కొరికేది, అటూ ఇటూ దూకేది. ఆ అలజడిలో యాదృచ్ఛికంగా మీట కదిలేది, తలుపు తెరుచుకొనేది. మళ్ళీ మళ్ళీ అదే పెట్టెలో ఉంచినప్పుడు పనికిరాని చేష్టలు క్రమంగా తగ్గి, పనికివచ్చిన చేష్ట ఒక్కటే మిగిలేది. ఈ పరిశోధనను ఆయన 1898లో ప్రచురించాడు. తృప్తికరమైన ఫలితాన్ని ఇచ్చిన చర్య బలపడుతుంది, అసంతృప్తిని మిగిల్చిన చర్య బలహీనపడుతుంది అనే ఆయన సిద్ధాంతానికి 'ఫలిత నియమం' అని పేరు.

ఈ మార్గాన్ని మరింత విస్తరింపజేసిన శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ (1904 - 1990). ఆయన రూపొందించిన పేటికలో ఆకలితో ఉన్న ఎలుక మీటను నొక్కితే ఒక ఆహారపు గుళిక జారిపడుతుంది. నొక్కడం, గుళిక పడడం అనే రెండింటికీ సంబంధం ఏర్పడిన కొద్దీ ఎలుక మీటను నొక్కే వేగం పెరుగుతుంది. 1938లో వెలువడిన తన గ్రంథంలో స్కిన్నర్ ఈ విధమైన అభ్యసనాన్ని సమగ్రంగా వివరించాడు. దీనినే మన పాఠ్యగ్రంథాలు 'కార్యసాధక నిబంధనం' అంటున్నాయి. నిబంధనం అంటే ముడివేయడం. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలలో, రాబోయే ఆహారాన్ని సూచించే సంకేతానికి నోరూరడం ముడిపడింది. అక్కడ కుక్క చేసిన పని ఏమీ లేదు. స్కిన్నర్ ప్రయోగంలో జీవి తాను చేసిన పనికీ, ఆ పనికి కలిగిన ఫలితానికీ ముడి పడుతున్నది. అందువల్లనే దీనికి కార్యసాధకమనే విశేషణం చేరింది.

పునర్బలనం - దండన

ఒక చర్య తరువాత కలిగిన ఫలితం వల్ల ఆ చర్య మళ్ళీ జరిగే అవకాశం పెరిగితే, ఆ ఫలితం కలిగించడాన్ని 'పునర్బలనం' అంటారు. ఇది రెండు విధాలు. చర్య తరువాత ఏదైనా ఇష్టమైనది చేరితే అది ధనాత్మక పునర్బలనం. ఎలుకకు గుళిక, విద్యార్థికి మెచ్చుకోలు, కూలికి వేతనం ఇందుకు ఉదాహరణలు. చర్య తరువాత అప్పటివరకు ఉన్న బాధ తొలగిపోతే అది రుణాత్మక పునర్బలనం. పొలంలో రైతు పగ్గం బిగించి లాగినప్పుడు ఎద్దుకు ముక్కు దగ్గర ఒత్తిడి కలుగుతుంది. అది పక్కకు తిరగగానే రైతు పగ్గాన్ని వదులు చేస్తాడు. ఆ ఒత్తిడి తొలగిపోవడమే ఎద్దుకు తిరగడాన్ని నేర్పుతుంది. తలనొప్పి తగ్గినందువల్ల మాత్రకు అలవాటుపడడం కూడా ఇటువంటిదే.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరపడే విషయం ఒకటి ఉన్నది. రుణాత్మక పునర్బలనం, దండన ఒకటి కావు. ధన, రుణ శబ్దాలు మంచిచెడులను సూచించవు, చేరడాన్నీ తొలగడాన్నీ సూచిస్తాయి. పునర్బలనం ఏ రకమైనదైనా చర్యను పెంచుతుంది. దండన చర్యను తగ్గిస్తుంది. ఎద్దు తప్పు దారి పట్టినప్పుడు పడిన చర్నకోల దెబ్బ దండన, దారికి వచ్చినప్పుడు సడలిన పగ్గం పునర్బలనం.

ఉద్దేశం వేరు, ఫలితం వేరు

ఈ శాస్త్రంలో అన్నింటికంటె గుర్తుంచుకొనదగిన సూత్రం ఇది. పునర్బలనాన్ని గుర్తించవలసినది దాని పర్యవసానాన్ని బట్టి, ఇచ్చినవారి ఉద్దేశాన్ని బట్టి కాదు. ప్రేమతో ఇచ్చినా, భయంతో ఇచ్చినా, పుణ్యం కోసం ఇచ్చినా, ఏ చర్య తరువాత అది అందిందో ఆ చర్యయే పెరుగుతుంది.

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలం వ్యవసాయాన్ని నమ్ముకొన్న ప్రాంతం. ఈ మండలంలోని చంద్లాపూర్ వద్ద 2020లో రంగనాయకసాగర్ జలాశయం ప్రారంభమైంది. అయితే నీరు ఉన్నంత మాత్రాన రైతుకు ఏ పంట వేయడానికైనా ధైర్యం చాలదు. కోతుల భయంతో కూరగాయలు, వేరుశనగ, మొక్కజొన్న వేయడానికి వెనుకాడే రైతులు తెలంగాణ పల్లెలలో అనేక చోట్ల కనిపిస్తారు. గుట్టలు తరిగిపోవడం, అడవిలో పండ్లచెట్లు తగ్గడం కోతులు ఊళ్ళమీదికి రావడానికి ముఖ్య కారణాలు. వచ్చిన కోతులు తిరిగి పోకపోవడానికి మాత్రం మన చేతులు కూడా కారణమే.

రహదారి పక్కన వాహనం ఆపి అరటిపండు విసిరే ప్రయాణికుని ఉద్దేశం జీవకారుణ్యం. గుడి మెట్లమీద కొబ్బరిచిప్ప అందించే భక్తుని ఉద్దేశం పుణ్యం. కోతి నేర్చుకొన్నది ఈ రెండింటిలో ఏదీ కాదు. మనిషిని సమీపిస్తే ఆహారం దొరుకుతుందనేదే అది నేర్చిన పాఠం. కోతి పళ్ళు చూపి మీదికి ఉరికినప్పుడు మనం చేతిలోని సంచిని వదిలివేస్తాము. అప్పుడు ఒకే క్షణంలో ఇద్దరు విద్యార్థులు తయారవుతున్నారు. బెదిరిస్తే ఆహారం దొరుకుతుందని కోతి నేర్చుకొంటుంది. ఇది ధనాత్మక పునర్బలనం. వదిలివేస్తే భయం తీరుతుందని మనిషి నేర్చుకొంటాడు. ఇది రుణాత్మక పునర్బలనం. ఈ విధంగా ఒకరి అలవాటును మరొకరు పోషిస్తూ ఉంటారు. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో ఉలువాటు ఆలయం వద్ద కోతులు యాత్రికుల కళ్ళజోళ్ళను, ఫోన్లను లాక్కొని, ఆహారం ఇస్తేనే వదులుతాయి. విలువైన వస్తువుకు అవి ఎక్కువ ఆహారం కోరుతున్నాయని 2021లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

తెలంగాణ ప్రభుత్వం 2020లో నిర్మల్ సమీపంలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని ప్రారంభించి, వాటికి సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేయించింది. పండ్లమొక్కల పెంపకం కూడా చేపట్టింది. ఇటువంటి చర్యలు అవసరమే. వాటితోపాటు రహదారులమీద అరటిపండ్లు విసిరే అలవాటు కూడా ఆగితేనే పూర్తి ప్రయోజనం కలుగుతుంది.

విరమణం

పునర్బలనం ఆగిపోతే నేర్చిన చర్య క్రమంగా సన్నగిల్లుతుంది. దీనికి 'విరమణం' అని పేరు. అయితే ఈ తగ్గుదల వెంటనే కనిపించదు. ఎంత నొక్కినా గుళిక పడనప్పుడు ఎలుక మొదట మరింత ఉద్ధృతంగా మీటను నొక్కుతుంది. ఆ తరువాతనే అలసి మానుతుంది. ఏడ్చే పిల్లవాడికే పాలు అన్న మన సామెతలో ఈ శాస్త్రమంతా ఇమిడి ఉన్నది. ఆకలితో ఏడ్చే పసికందుకు పాలు పట్టవలసినదే. అంగడిలో బొమ్మకోసం నేలమీద పడి దొర్లే పిల్లవాని సంగతి వేరు. రెండుసార్లు కాదని, మూడవసారి ఏడుపు మిన్నుముట్టగానే కొనిపెట్టిన తండ్రి, ఏడుపు మాన్పించానని అనుకొంటాడు. నిజానికి ఎంత గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందో ఆయన నేర్పాడు. కాబట్టి ఒక దురలవాటును విరమింపజేయదలచినవారు మొదట వచ్చే ఉద్ధృతికి సిద్ధపడి ఉండాలి. అక్కడ సడలితే మొదటికంటె కీడు ఎక్కువ.

పునర్బలన నియమావళి

ప్రతి చర్యకూ ప్రతిఫలం ఇవ్వనవసరం లేదు. ఎప్పుడెప్పుడు ఇస్తున్నామనే దానిని బట్టి ప్రవర్తన తీరు మారుతుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్‌లు 1957లో ప్రచురించిన గ్రంథంలో ఈ క్రమాలను విపులంగా చర్చించారు. వాటిలో నాలుగు ప్రధానమైనవి.

1. స్థిర నిష్పత్తి: నిర్ణీత సంఖ్యలో పని పూర్తి అయినప్పుడు ప్రతిఫలం అందుతుంది. సిద్దిపేట, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలకు వేయి బీడీలకు ఇంత అని కూలి కడతారు. చేసినకొద్దీ వస్తుంది కనుక చేతులు వేగంగా కదులుతాయి, విశ్రాంతి కరువవుతుంది.

2. చర నిష్పత్తి: ఎన్ని ప్రయత్నాలకు ఫలితం దక్కుతుందో తెలియదు. జూదం ఇందుకు ప్రబలమైన ఉదాహరణ. తరువాతి ఆటలోనే గెలుపు ఉన్నదేమో అనే ఆశ ఆటగాణ్ణి లేవనివ్వదు.

3. స్థిర కాలవ్యవధి: నిర్ణీత కాలానికి ఒకసారి ఫలితం అందుతుంది. ఏడాది చివర మాత్రమే పరీక్ష ఉంటే, జూన్‌లో తెరవని పుస్తకం ఫిబ్రవరిలో రాత్రింబవళ్ళు తెరచి ఉంటుంది.

4. చర కాలవ్యవధి: ఫలితం ఎప్పుడు అందుతుందో తెలియదు. అధ్యాపకుడు ముందుగా చెప్పకుండా చిన్న పరీక్షలు పెట్టే తరగతిలో చదువు నిలకడగా సాగుతుంది.

వీటిలో చర నిష్పత్తి ద్వారా అలవడిన ప్రవర్తన తొందరగా విరమించదు. పది వాహనాలలో ఒకటి ఆగినా కోతి పదకొండవదాని వెంట పరుగెత్తుతుంది. చేతిలోని ఫోన్‌లో ఒక దృశ్యం తరువాత మరొకటి వేలితో జరుపుతూ పోయే యువకుని స్థితి కూడా దీనికి దూరమైనది కాదు. అన్నీ రుచించవు, ఏదో ఒకటి రుచిస్తుంది. అది ఏదో ముందుగా తెలియదు. డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలలో ఈ సూత్రమే కుటుంబాలను అప్పుల పాలు చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్ట సవరణ ద్వారా వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది.

ఆకృతీకరణం

ఎన్నడూ చేయని పనికి బహుమతి ఎలా ఇవ్వగలము? దీనికి స్కిన్నర్ చెప్పిన ఉపాయం ఆకృతీకరణం. చేరవలసిన లక్ష్యానికి దగ్గరగా వచ్చే ఒక్కొక్క చిన్న అడుగునూ బలపరుస్తూ పోవడమే ఈ పద్ధతి. సంక్రాంతినాడు వాకిట నిలిచి, సన్నాయి వినిపించగానే తలాడించి, మోకాళ్ళు వంచి దండం పెట్టే గంగిరెద్దు ఆ విద్యను ఒక్కనాటిలో నేర్చినది కాదు. ఒక్కసారి కాలు వంచడం, కొంచెంసేపు నిలపడం, ఆ తరువాత మాటకు వంచడం అనే మెట్లు దాని వెనుక ఉంటాయి. పలకమీద అక్షరం దిద్దించే గురువు వంకరగీతను కూడా మెచ్చుకొని, తరువాతి గీత కొంత మెరుగుపడితేనే మళ్ళీ మెచ్చుకోవడం ఇదే పద్ధతి.

దండన పరిమితులు

స్కిన్నర్ తన ఎలుకలలో కొన్నింటికి గుళిక ఆగిపోయిన తరువాత మీట నొక్కినప్పుడల్లా కాలిమీద దెబ్బ తగిలేటట్లు చేశాడు. వెంటనే నొక్కడం తగ్గింది. దెబ్బ ఆగిపోయాక అవి మళ్ళీ నొక్కసాగాయి. చివరకు లెక్కిస్తే, దెబ్బ తిన్న ఎలుకలూ తినని ఎలుకలూ దాదాపు అన్నేసిసార్లే నొక్కాయి. దండన ప్రవర్తనను కొంతకాలం అణచి ఉంచిందే గాని తుడిచివేయలేదు. పైగా ఏది చేయరాదో చెప్పిందే గాని, ఏది చేయాలో చెప్పలేదు. దెబ్బలు తిన్న విద్యార్థి లెక్క నేర్చుకొంటాడో లేదో గాని, గురువు కంటబడకుండా తిరగడం మాత్రం నేర్చుకొంటాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో పాఠశాలలలో శారీరక దండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ విభాగం శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. దండోపాయాన్ని చివర నిలిపిన మన పెద్దల విజ్ఞతకు ఇవి దూరమైనవి కావు.

తెలుగునేల మీద ఒక పరిశోధన

పునర్బలనం విద్యారంగంలో ఎంతవరకు పనిచేస్తుందో పరిశీలించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2005 - 06 విద్యాసంవత్సరం నుండి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు 300 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను ఎంచుకొన్నారు. నూరు పాఠశాలలలో ఒక్కొక్క ఉపాధ్యాయునికి తన విద్యార్థుల ప్రగతిని బట్టి, మరొక నూటిలో పాఠశాల మొత్తం ప్రగతిని బట్టి అదనపు పారితోషికం ప్రకటించారు. మిగిలిన నూటిలో ఏమీ ప్రకటించలేదు. సగటు మార్కులలో 5 శాతానికి మించిన ప్రతి ఒక్క శాతం పెరుగుదలకు 500 రూపాయలు చెల్లిస్తామన్నారు.

రెండేళ్ళ తరువాత పారితోషికం ఉన్న పాఠశాలల విద్యార్థులు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేరకు మెరుగైన ఫలితాలు సాధించారు. పారితోషికంతో సంబంధం లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలలోనూ వారు ముందున్నారు. ఉపాధ్యాయుల హాజరులో చెప్పుకోదగిన మార్పు రాలేదు. బడికి వచ్చిన రోజున బోధన పెరిగింది. అదనపు తరగతులు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు ఎక్కువయ్యాయి. ప్రతిఫలం హాజరుకు గాక అభ్యసనానికి ముడిపడింది, మార్పు కూడా అక్కడే వచ్చింది. ఈ ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. ఎలుకకు గుళిక తక్షణమే అందాలి. మనిషికి మాట ఉన్నది కనుక, ఏడాది తరువాత అందబోయే ఫలితం కూడా నేటి శ్రమను నిలబెట్టగలుగుతున్నది.

సూత్రానికి హద్దు

బహుమతి సర్వరోగ నివారిణి కాదు. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే శాస్త్రజ్ఞులు బొమ్మలు గీయడమంటే సహజంగా ఇష్టపడే చిన్నపిల్లలను పరిశీలించారు. బొమ్మ గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందుగా చెప్పి, ఇచ్చారు. కొన్ని రోజుల తరువాత ఏ బహుమతీ లేని వేళ చూస్తే, ఆ పిల్లలు తక్కినవారికంటె తక్కువసేపు బొమ్మలు గీశారు. ఆనందం కోసం చేసిన పని బహుమతి కోసం చేసే పనిగా మారిపోయింది. ఇష్టం లేని పనిని ప్రారంభింపజేయడానికి బహుమతి ఊతకర్ర వంటిది. నడవగలిగినవానికి ఊతకర్ర ఇస్తే నడక చెడుతుంది. మార్కులకోసం మాత్రమే పద్యం చదివిన విద్యార్థి పరీక్ష ముగిసిన నాడే పద్యాన్ని వదిలివేయడం మనం చూస్తూనే ఉన్నాము.

కాబట్టి ఈ సూత్రాలను ఇతరులమీద ప్రయోగించడానికి ముందు విద్యార్థి తన దినచర్యకు అన్వయించుకోవాలి. 'నేను చదవలేకపోతున్నాను' అని తనను నిందించుకొనడం ఒక విధమైన దండన. అది చదువును పెంచదు. పుస్తకం మూసిన వెంటనే ఏమి దొరుకుతున్నది, తెరిచిన వెంటనే ఏమి దొరుకుతున్నది అని గమనించాలి. మూయగానే ఫోన్‌లోని వినోదం దొరుకుతుంటే, రోజురోజుకూ బలపడుతున్నది పుస్తకం మూయడమే. ఇరవై నిమిషాల చదువు ముగిసిన తరువాతనే ఇష్టమైన పనికి వెళ్ళడం, రేపు ఇరవైఅయిదు నిమిషాలు చేయడం, చదివిన పుటలను ఒక కాగితంమీద గుర్తుపెట్టుకోవడం వంటి చిన్న ఏర్పాట్లు చదువును నిలబెడతాయి. క్రమంగా పాఠం అర్థమైనందువల్ల కలిగే ఆనందమే ప్రతిఫలం అవుతుంది. అప్పుడు బయటి బహుమతితో పని ఉండదు. మన చుట్టూ పెరుగుతున్న ప్రతి ప్రవర్తననూ ఏదో ఒక ఫలితం పెంచుతున్నది. ఆ ఫలితాన్ని అందిస్తున్న చేయి ఎవరిదని ప్రశ్నించుకొనడం విజ్ఞుల లక్షణం.

కఠిన పదాలకు అర్థాలు

యాదృచ్ఛికంగా = అనుకోకుండా
అభ్యసనం = నేర్చుకొనడం
పర్యవసానం = చివరి ఫలితం
ఉద్ధృతి = తీవ్రత
విజ్ఞత = వివేకం
పారితోషికం = మెచ్చి ఇచ్చే ధనం
పగ్గం = పశువును అదుపుచేసే తాడు

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. పునర్బలనానికీ దండనకూ గల భేదాన్ని పాఠం ఆధారంగా సోదాహరణంగా వివరించండి.
2. 'పునర్బలనాన్ని గుర్తించవలసినది ఇచ్చినవారి ఉద్దేశాన్ని బట్టి కాదు' అనే వాక్యాన్ని కోతుల ఉదాహరణతో సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానాలు రాయండి.

1. థార్న్‌డైక్ ప్రయోగాన్ని తెలపండి.
2. విరమణం మొదలైనప్పుడు చర్య ఉద్ధృతం కావడాన్ని ఉదాహరణతో వివరించండి.
3. 300 పాఠశాలలలో జరిగిన అధ్యయనం తేల్చిన విషయాలేవి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. చతుర్విధోపాయాలు ఏవి?
2. బీడీల కూలి ఏ పునర్బలన క్రమానికి ఉదాహరణ?
3. శారీరక దండనను నిషేధించిన విద్యాహక్కు చట్ట విభాగం ఏది?

IV. మీ ఊరిలోగాని, ఇంటిలోగాని ఎవరూ కోరకుండానే బలపడిన ఒక అలవాటును గమనించి, దానిని పోషిస్తున్న ఫలితం ఏమిటో పది వాక్యాలలో రాయండి.

V. సంధులు

పునర్బలనం = పునః + బలనం - విసర్గ సంధి
పునరావాసం = పునః + ఆవాసం - విసర్గ సంధి
దండోపాయం = దండ + ఉపాయం - గుణసంధి
విద్యార్థి = విద్యా + అర్థి - సవర్ణదీర్ఘ సంధి

VI. సమాసాలు

రాత్రింబవళ్ళు - రాత్రియు, పగలును - ద్వంద్వ సమాసం
నాలుగు క్రమాలు - నాలుగైన క్రమాలు - ద్విగు సమాసం
చిన్న పరీక్ష - చిన్నదైన పరీక్ష - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
గుడి మెట్లు - గుడి యొక్క మెట్లు - షష్ఠీ తత్పురుష సమాసం